ఎప్పటిదాకా బాగున్నారు?

*పక్షవాతానికి ఇవాళ మందు ఉంది, పనిముట్టు ఉంది, పద్ధతి ఉంది. అవి మనిషిని చేరేలోపే గడియారం దాటిపోతోంది. ఇంటి అరుగు నుంచి ఆసుపత్రి దాకా, అక్కణ్నుంచి మళ్లీ ఇంటిదాకా ఆ గడియారాన్ని పట్టుకోగల వాళ్ల గురించి ఈ కథనం.*

ఆ ఉదయం పెదనాన్న పశువులకు గడ్డి వేసి, కాళ్లు కడుక్కుని అరుగు మీద కూర్చున్నాడు. పెద్దమ్మ కాఫీ గ్లాసు చేతికిచ్చి లోపలికి వెళ్లింది. గ్లాసు కింద పడ్డ చప్పుడుకు బయటికి వచ్చి చూస్తే, కుడి చెయ్యి ఒళ్లో వాలిపోయి ఉంది. మూతి ఎడమ వైపుకు లాగేసింది. ఏదో చెప్పబోతున్నాడు, మాట ముద్దగా వస్తోంది. కంగారు పడొద్దన్నట్టు ఎడమ చెయ్యి ఊపాడు.

ఆ తర్వాత జరిగినదంతా మన ఊళ్లలో జరిగేదే. గాలి సోకిందన్నారు ఒకరు. పావురం రక్తంతో మర్దన చేస్తే లేచి కూర్చుంటాడన్నారు మరొకరు. సోడా తాగించబోతే పొలమారి ఉక్కిరిబిక్కిరయ్యాడు. ఎవరో గుండె మాత్ర తెచ్చి నాలుక కింద పెట్టారు. ఆర్‌ఎంపీ వచ్చి సెలైన్ ఎక్కించాడు. కారు దొరికేసరికి తొమ్మిది. దగ్గర్లోని టౌన్‌లో ఒక నర్సింగ్‌హోమ్‌కి తీసుకెళ్తే, అక్కడ సీటీ స్కాన్ లేదన్న సంగతి తెలియడానికి ఇంకో గంట పట్టింది. పెద్దాసుపత్రి క్యాజువాలిటీకి చేరినప్పుడు టైము 11:40.

అక్కడున్న కుర్ర డాక్టరు జబ్బు ఏమిటని అడగలేదు. "అమ్మా, ఆయన్ని బాగుండగా ఆఖరుసారి ఎప్పుడు చూశారు?" అని అడిగాడు.

"ఆరింటికండీ. కాఫీ ఇచ్చాను. అప్పుడు బానే ఉన్నారు."

డాక్టరు గోడ గడియారం వైపు చూశాడు. అయిదు గంటల నలభై నిమిషాలు. ఆయన చూపు కిందికి దిగాక మొహంలో వచ్చిన మార్పు ఎనిమిదేళ్లయినా నాకు గుర్తుంది.

స్ట్రోక్ వైద్యంలో అన్నిటికంటే ముందు వచ్చే ప్రశ్న అది. ఏ మందు ఇవ్వొచ్చో, ఏది ఇవ్వకూడదో తేల్చడం దానితోనే మొదలవుతుంది. ఈ ముప్ఫై ఏళ్లలో వైద్యులు సాధించిన విజయాలన్నీ, మన దగ్గర చేజారుతున్న అవకాశాలన్నీ ఆ ప్రశ్నకు దొరికే జవాబులోనే ఉన్నాయి.

చివరి ఆయకట్టు

మెదడులోని రక్తనాళానికి గడ్డ అడ్డం పడితే అవతలి భాగమంతా ఒక్కసారిగా చచ్చిపోదు. కాలువ చివరి ఆయకట్టు రైతుకు ఈ సంగతి చెప్పనక్కర్లేదు. నీళ్లు ఆగిపోతే ముందు కొంత మేర చేను ఎండిపోతుంది. దాని చుట్టూ ఇంకా చాలా మేర వాడుముఖం పట్టి, ప్రాణంతోనే ఉంటుంది. తూము సకాలంలో తెరిస్తే అది తేరుకుంటుంది. ఆలస్యమైతే అదీ ఎండిపోతుంది. స్ట్రోక్ వైద్యమంతా వాడిపోయి ఇంకా ప్రాణమున్న ఆ భాగం కోసమే.

అది ఎంత వేగంగా ఎండుతుందో 2006లో అమెరికా న్యూరాలజిస్టు జెఫ్రీ సేవర్ లెక్కగట్టారు. పెద్ద రక్తనాళం మూసుకుపోయి వైద్యం అందకపోతే నిమిషానికి సుమారు 19 లక్షల నాడీకణాలు పోతాయి. వాటి మధ్య ఉండే 1,400 కోట్ల అనుసంధానాలు తెగిపోతాయి. పెదనాన్న నర్సింగ్‌హోమ్ బల్ల మీద ఊరికే పడుకున్న ఆ గంటను ఈ లెక్కతో గుణించి చూసుకోవాలంటే ఇప్పటికీ నాకు మనసు రాదు.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. బయటికి ఒకేలా కనిపించే పక్షవాతం రెండు రకాలు. ఒకదానిలో నాళం మూసుకుపోతుంది, రెండోదానిలో నాళం చిట్లి మెదడులోకి రక్తం కారుతుంది. మొదటిదానికి అమృతమైన మందు రెండోదానికి విషం. ఏది ఏదో నాడి పట్టి చెప్పలేం. 1971లో లండన్‌లో గాడ్‌ఫ్రే హౌన్స్‌ఫీల్డ్ రూపొందించిన సీటీ స్కానర్ మొదటి రోగి తలలోకి చూసినప్పటి నుంచే ఆ తేడా కళ్లకు కనబడుతోంది. అందుకే స్కాన్ తీయకముందు ఇంట్లో ఆస్పిరిన్ వేయడం, నాలుక కింద మాత్ర పెట్టి బీపీని ఒక్కసారిగా పడగొట్టడం ప్రమాదం. సీటీ లేని ఆసుపత్రికి వెళ్లడమంటే కాలాన్ని పారబోసుకోవడమే.

కరిగించే సూది, లాగే తీగ

1995 దాకా స్ట్రోక్ వచ్చినవారిని వైద్యులు కనిపెట్టుకుని ఉండేవారు, అంతే. ఆ ఏడాది అమెరికాలో 624 మందిపై జరిగిన అధ్యయనం దాన్ని మార్చింది. లక్షణాలు మొదలైన మూడు గంటల్లోపు ఆల్టెప్లేజ్ అనే గడ్డ కరిగించే మందు ఇస్తే, మూడు నెలల తర్వాత దాదాపు వైకల్యం లేకుండా ఉండే అవకాశం కనీసం 30 శాతం పెరుగుతుందని తేలింది. దానికి మూల్యమూ ఉంది. మందు తీసుకున్నవారిలో 6.4 శాతం మందికి మెదడులో ప్రమాదకరమైన రక్తస్రావం అయింది. మందు తీసుకోనివారిలో అది 0.6 శాతమే. రోగిని ఎంచుకోవడంలో డాక్టర్లు అంత పట్టుగా ఉండడానికి కారణం ఇదే. 2008లో యూరప్ అధ్యయనంతో ఆ గడువు నాలుగున్నర గంటలకు పెరిగింది. పెదనాన్న గడువు 10:30కే ముగిసింది.

ఆల్టెప్లేజ్‌లో పదో వంతు ముందు సూదిగా ఇచ్చి, మిగతాది గంటసేపు పంపుతో ఎక్కించాలి. టెనెక్టెప్లేజ్ అయితే కొన్ని సెకన్లలో ఒకే సూదితో అయిపోతుంది. కెనడాలో సుమారు 1,600 మందిపై జరిపి 2022లో ప్రచురించిన అధ్యయనంలో ఇది పాతదానికి ఏ మాత్రం తీసిపోదని రుజువైంది. 2025 మార్చిలో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ కూడా దీన్ని స్ట్రోక్‌కు ఆమోదించింది. గుండెపోటు చూసే వైద్యులకు ఈ మందు పాత పరిచయమే. పంపు, దాన్ని గంటసేపు కనిపెట్టుకుని ఉండే మనిషి లేని చిన్న ఆసుపత్రికి ఇది పెద్ద ఊరట. సూది వేసి, రోగిని అంబులెన్స్ ఎక్కించి పెద్దాసుపత్రికి పంపేయవచ్చు.

గడ్డ పెద్దదైతే సూది మందు ఒక్కటే చాలదు. తొడ దగ్గరి ధమనిలోంచి సన్నని గొట్టాన్ని మెదడు దాకా పంపి, వల లాంటి తీగతో గడ్డను పట్టి బయటికి లాగేస్తారు. దీన్నే థ్రాంబెక్టమీ అంటారు. 2015లో వరసగా అయిదు అధ్యయనాలు దీనికే ఓటేశాయి. నెదర్లాండ్స్‌లో 500 మందిపై జరిగిన మొదటిదానిలో, తమ పనులు తాము చేసుకోగలిగే స్థితికి చేరినవారు మామూలు వైద్యంతో 19 శాతమైతే, గడ్డ లాగినవారిలో 33 శాతం.

2018లో ఇంకో తలుపు తెరుచుకుంది. డాన్ అనే అధ్యయనంలో 6 నుంచి 24 గంటల మధ్య వచ్చినవారిని తీసుకుని, ప్రత్యేక స్కాన్లతో మెదడులో ఇంకా ప్రాణమున్న భాగం ఎంతో చూశారు. అది తగినంత ఉన్నవారికి గడ్డ లాగితే 49 శాతం మంది స్వతంత్రంగా బతకగలిగారు. లాగనివారిలో 13 శాతమే. నిద్రలో స్ట్రోక్ వస్తే "ఆఖరుసారి ఎప్పుడు బాగున్నారు" అన్నదానికి జవాబు "రాత్రి పడుకునేటప్పుడు" అనే వస్తుంది. అలాంటివారిలో కొందరిని ఎంఆర్‌ఐ ఆధారంగా ఎంచుకుని సూది మందు ఇవ్వొచ్చని అదే ఏడాది యూరప్‌లో తేలింది. గడువు దాటిందని ఇంట్లోనే ఆశ వదులుకోవద్దని ఈ అధ్యయనాలు చెబుతున్నాయి. తీరిగ్గా బయల్దేరవచ్చని మాత్రం వాటి అర్థం కాదు. ఆలస్యమైన కొద్దీ ఎండిపోయే చేను పెరుగుతూనే ఉంటుంది.

తలుపు నుంచి సూది దాకా

ఫిన్లాండ్ రాజధాని హెల్సింకిలోని యూనివర్సిటీ ఆసుపత్రిలో 1998లో రోగి తలుపు దాటి లోపలికి వచ్చాక మందు పడడానికి 105 నిమిషాలు పట్టేది. 2011కి దాన్ని 20 నిమిషాలకు తెచ్చారు. కొత్త మందు కనిపెట్టి కాదు, నడక మార్చి. రోగి దారిలో ఉండగానే అంబులెన్స్ సిబ్బంది ఫోన్ చేస్తారు. వచ్చేలోపే పాత వైద్య వివరాలు తీసి పెడతారు. రోగిని క్యాజువాలిటీ మంచం మీదికి మార్చరు, అదే స్ట్రెచర్‌పై నేరుగా స్కానర్ దగ్గరికి తోసుకెళ్తారు. మందు స్కాన్ గదిలోనే సిద్ధంగా ఉంటుంది. ప్రతి పరీక్షా పూర్తయ్యేదాకా ఆగరు, తప్పనిసరైనదాని కోసమే ఆగుతారు.

ఇందులో మన జిల్లా ఆసుపత్రి చేయలేనిది ఏముంది? 108 అంబులెన్స్ సేవ పుట్టిందే హైదరాబాద్‌లో, 2005లో. ఆ వాహనంలోని టెక్నీషియన్ ముందే ఫోన్ చేసి "కుడి పక్క పడిపోయింది, ఆరింటి దాకా బాగున్నారు, షుగర్ ఇంత, ఇరవై నిమిషాల్లో వస్తున్నాం" అని చెబితే చాలు. సీటీ బల్ల ఖాళీ చేయించడానికి, డ్యూటీ డాక్టరు దిగి రావడానికి ఆ ఇరవై నిమిషాలు సరిపోతాయి. షుగర్ పడిపోయినా అచ్చం పక్షవాతంలాగే కనిపించవచ్చు కాబట్టి ఆ వేలి చుక్క పరీక్ష తప్పనిసరి.

న్యూరాలజిస్టు లేరన్నది రెండో అడ్డంకి. కొండల రాష్ట్రం హిమాచల్ ప్రదేశ్ 2014లోనే దీనికి దారి చూపింది. ఎయిమ్స్ న్యూరాలజిస్టు డాక్టర్ ఎం.వి. పద్మా శ్రీవాస్తవ వంటివారి తోడ్పాటుతో, సీటీ ఉన్న ప్రభుత్వ ఆసుపత్రుల వైద్యులు స్కాన్ బొమ్మలను స్మార్ట్‌ఫోన్‌లో నిపుణులకు పంపి, వారి సలహాతో తామే సూది వేయడం మొదలుపెట్టారు. ప్రభుత్వం మందును ఉచితంగా ఇచ్చింది. ఘాట్ రోడ్ల రాష్ట్రంలో సాధ్యమైన పని పాడేరు, ఉట్నూరు, శ్రీశైలం దారుల్లో మాత్రం ఎందుకు సాధ్యం కాదు?

నర్సు చేతిలో మూడు పనులు

పెదనాన్నకు మూడో రోజు జ్వరం వచ్చింది. నిమోనియా అన్నారు. మొదటి రోజు పొద్దున సోడా పొలమారిన సంగతి నాకప్పుడు గుర్తొచ్చింది. వార్డులో కూడా, మింగగలడో లేదో ఎవరూ చూడకుండానే పెద్దమ్మ స్పూన్‌తో జావ పట్టింది. తప్పు ఆమెది కాదు. పట్టొద్దని ఆమెకు ఎవరూ చెప్పలేదు.

జ్వరం, షుగర్, మింగడం. ఆస్ట్రేలియాలోని న్యూసౌత్‌వేల్స్ రాష్ట్రంలో 19 స్ట్రోక్ యూనిట్లలో దాదాపు సగం చోట్ల నర్సులకు ఈ మూడింటినీ మొదటి మూడు రోజులు ఒక క్రమపద్ధతిలో చూసుకోవడం నేర్పారు. జ్వరం వస్తే వెంటనే తగ్గించాలి, షుగర్ పెరిగితే దించాలి, మింగే పరీక్ష చేయనిదే నోట్లో చుక్క పోయకూడదు. 2011లో ప్రచురితమైన ఫలితం చూసి వైద్యలోకం ఆశ్చర్యపోయింది. మూడు నెలల నాటికి మరణమో, ఇతరులపై ఆధారపడే వైకల్యమో పాలైనవారు దాదాపు 16 శాతం పాయింట్ల మేర తగ్గారు. ఖరీదైన యంత్రం ఒక్కటీ లేకుండా, థర్మామీటరుతో, గ్లూకోమీటరుతో, చెంచాడు నీళ్లతో సాధించిన ఫలితం అది.

నాళం చిట్లిన పక్షవాతానికి చేయగలిగింది లేదన్న నిరాశ చాలాకాలం ఉండేది. 2023లో వెలువడిన ఇంటరాక్ట్-3 అధ్యయనం దాన్ని తొలగించింది. భారత్ సహా 10 దేశాల్లో ఏడు వేల మందికి పైగా రోగులపై ఇది జరిగింది. పై బీపీని గంటలోపు 140 కిందికి తేవడం, షుగర్, జ్వరం అదుపు చేయడం, రక్తం పలచబరిచే మందు వాడుతున్నవారికి విరుగుడు ఇవ్వడం. ఇవన్నీ ఒక్క కట్టగా, త్వరగా చేస్తే మరణాలు తగ్గి, కోలుకోవడం మెరుగైంది. ఈ కట్టలోని ప్రతి పనీ మన జిల్లా ఆసుపత్రి వార్డులో చేయదగ్గదే.

చింతగింజలు

పెదనాన్న పదిహేనో రోజున ఇంటికొచ్చాడు. అన్నం కావాలన్నా, నీళ్లు కావాలన్నా, దుప్పటి కప్పమన్నా నోటి వెంట ఒక్కటే మాట వచ్చేది: "పద". తెలివి పోయిందనుకున్నారు ఊళ్లోవాళ్లు. తెలివి పోలేదు. మాటను వెతికి తెచ్చే దారి తెగింది. మెదడు ఎడమ భాగం దెబ్బతిన్నవారిలో కొందరికి ఇలా ఒకే మాట మిగిలిపోతుంది. శనివారం రాత్రి గుళ్లో భజన మొదలైతే మాత్రం చరణం మొత్తం తప్పులేకుండా గొంతు కలిపేవాడు. పాటకు మెదడు కుడి భాగం కూడా సాయపడుతుంది. ఆ దారిగుండా మాటను తిరిగి తెచ్చే చికిత్సను 1970లలోనే అమెరికాలో రూపొందించారు. మాకు ఆ సంగతి చెప్పడానికి వాగ్చికిత్స నిపుణులు చుట్టుపక్కల ఎక్కడా లేరు.

మాట గురించి మన హైదరాబాద్ ఇచ్చిన కానుక ఒకటుంది. నిమ్స్‌లో డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం 608 మంది స్ట్రోక్ రోగులను పరిశీలించి 2016లో ఫలితాలు ప్రచురించింది. రెండు లేదా అంతకంటే ఎక్కువ భాషలు మాట్లాడేవారిలో 40.5 శాతం మందికి స్ట్రోక్ తర్వాత ఆలోచనాశక్తి మామూలుగానే ఉంది. ఒక్క భాషే వచ్చినవారిలో అది 19.6 శాతం. తెలుగు, ఉర్దూ, హిందీ, ఇంగ్లిషు కలగలిపి మాట్లాడే నగరం ప్రపంచానికి నేర్పిన పాఠం ఇది.

చేతి సంగతికొస్తే, వారానికి ఒకసారి వచ్చే ఫిజియోథెరపిస్టు ఒక పని అప్పగించి వెళ్లాడు. పళ్లెంలో చింతగింజలు పోసి, ఎడమ చేతికి తువ్వాలు చుట్టి, కుడి చేతి వేళ్లతో ఒక్కో గింజనూ చెంబులో వేయించాలి. మొదటి రోజు అరగంటకు నాలుగు గింజలు పడ్డాయి. పెద్దమ్మ గోడ మీద బొగ్గుతో గీతలు గీసి లెక్క పెట్టేది. ఆర్నెల్లకు చెంబు నిండింది. బాగున్న చేతిని కట్టేసి, పడిపోయిన చేతితో పదేపదే పని చేయించే ఈ పద్ధతికి ఎడ్వర్డ్ టాబ్ పరిశోధనలు మూలం. కాస్తయినా వేళ్లు కదిలించగలిగేవారికి స్ట్రోక్ వచ్చి మూడు నుంచి తొమ్మిది నెలలు గడిచాక కూడా ఇది పనిచేస్తుందని 2006లో 222 మందిపై జరిగిన అధ్యయనం రుజువు చేసింది. ఆర్నెల్లు దాటితే ఇక అంతేనన్న మాటను మన వార్డుల్లోంచి తీసేయాల్సిందే.

వేగం ఎక్కువైనా మేలు కాదు. మొదటి 24 గంటల్లోనే మంచం దింపి ఎక్కువసేపు నడిపించడం వల్ల ఫలితం తగ్గిందని 2015లో వచ్చిన అవర్ట్ అధ్యయనం హెచ్చరించింది. ఇంటివాళ్ల ప్రేమ ఒక్కటే చాలదని చెప్పింది మన దేశంలోనే జరిగిన అటెండ్ అధ్యయనం. లుధియానా వైద్యుడు జయరాజ్ పాండియన్ తదితరులు 14 ఆసుపత్రుల్లో 1,250 మంది రోగుల కుటుంబాల్లో సగం మందికి వ్యాయామాలు నేర్పి పంపారు. ఆర్నెల్ల తర్వాత నేర్చుకున్న కుటుంబాలకూ, నేర్వని కుటుంబాలకూ తేడా కనిపించలేదు. పెద్దమ్మలాంటివాళ్లు ఎంత చేసినా, పక్కన శిక్షణ పొందిన మనిషి ఉండాలి. ఫిజియోథెరపిస్టు, వాగ్చికిత్స నిపుణుల పోస్టులు మండల స్థాయికి రావాలని అడగడానికి ఇంతకంటే బలమైన ఆధారం అక్కర్లేదు.

మూడు ప్రశ్నల పరీక్ష

*నవ్వమనండి:* మూతి ఒక పక్కకు లాగుతోందా?
*చేతులెత్తమనండి:* కళ్లు మూసుకుని రెండు చేతులూ ముందుకు చాపితే ఒకటి కిందికి జారుతోందా?
*మాట్లాడమనండి:* మాట ముద్దగా ఉందా, తడబడుతోందా?

ఉన్నట్టుండి చూపు పోవడం, నడక తూలడం కూడా స్ట్రోక్ కావచ్చు. ఏ ఒక్కటి కనిపించినా 108కి ఫోన్ చేయండి. ఆఖరుసారి బాగున్న సమయం కాగితం మీద రాయండి. తినడానికి, తాగడానికి ఏమీ ఇవ్వొద్దు. మాత్రలు వేయొద్దు. వాడుతున్న మందుల చీటీ వెంట తీసుకెళ్లండి. సీటీ స్కాన్ ఉన్న ఆసుపత్రికే వెళ్లండి.

అసలు జవాబు

పెదనాన్న ఇంటికొచ్చిన కొన్ని నెలలకు పెద్దమ్మ ఒక సంగతి చెప్పింది. ఆ ఉదయానికి పది రోజుల ముందు పొలంలో ఆయన కుడి చెయ్యి కాసేపు పట్టు తప్పిందట. పార జారిపోయిందట. పావుగంటలో సర్దుకుంది. ఎవరికీ చెప్పొద్దన్నాడు.

అలా వచ్చి పోయే బలహీనతను చిన్న స్ట్రోక్ అనాలి. పెద్దది వెనకాలే వస్తున్నదనడానికి అది హెచ్చరిక. అలాంటివారికి ఒక్క రోజులోపు ఆస్పిరిన్‌తో పాటు క్లోపిడోగ్రెల్ కూడా మొదలుపెట్టి మూడు వారాలు ఇస్తే, మూడు నెలల్లో వచ్చే స్ట్రోక్‌లు 11.7 శాతం నుంచి 8.2 శాతానికి తగ్గాయని 2013లో చైనా అధ్యయనం చూపింది. సర్దుకుపోయింది కదా అని మనం వదిలేసే ఆ పావుగంట, డాక్టరు దగ్గరికి పరిగెత్తాల్సిన పావుగంట.

తర్వాత బీరువా సర్దుతుంటే పెదనాన్న బీపీ పుస్తకం దొరికింది. సంక్రాంతి ముందు రాసినది 132/84. ఆ తర్వాతి గళ్లన్నీ ఖాళీ. బీపీ బాగుంది కదా అని మాత్రలు ఆపేశాడు. ఉగాది వెళ్లిన వారానికి కాఫీ గ్లాసు జారింది. "ఎప్పటిదాకా బాగున్నారు?" అని డాక్టరు అడిగినప్పుడు పెద్దమ్మ "ఆరింటికి" అంది. నిజమైన జవాబు ఆ పుస్తకంలోని చివరి అంకె.

32 దేశాల్లో జరిగి 2016లో వెలువడిన ఇంటర్‌స్ట్రోక్ అధ్యయనం ప్రకారం, ప్రతి పది స్ట్రోక్‌లలో తొమ్మిదింటికి మనం మార్చుకోగల పది కారణాలే మూలం. అందులో బీపీ వాటా ఒక్కటే దాదాపు సగం. ఉభయ గోదావరి జిల్లాల్లో 45 గ్రామాల మరణాలను పరిశీలించి 2006లో ప్రచురించిన అధ్యయనంలో 32 శాతం మరణాలకు గుండె, రక్తనాళాల జబ్బులే కారణం. పట్నపు జబ్బని మనం అనుకుంటుండగానే అది పొలం గట్టు మీదికి వచ్చేసింది.

దీనికి మందు ఖరీదైనది కాదు. జాతీయ బీపీ నియంత్రణ కార్యక్రమం మొదట అడుగుపెట్టిన అయిదు రాష్ట్రాల్లో తెలంగాణ ఒకటి. ఒకే రకం మందుల వరస, ప్రతి రోగికీ ఒక నమోదు, రానివారిని వెతికి పిలవడం దాని పద్ధతి. ఉప్పు ఇంకో దారి. చైనాలో 600 గ్రామాల్లో దాదాపు 21 వేల మందిపై ఒక అధ్యయనం జరిగింది, అందులో ఎక్కువమంది ఇదివరకే స్ట్రోక్ వచ్చినవారు. సగం గ్రామాల్లో మామూలు ఉప్పు బదులు నాలుగో వంతు పొటాషియం క్లోరైడ్ కలిపిన ఉప్పు ఇస్తే, స్ట్రోక్‌లు 14 శాతం తగ్గాయని 2021లో తేలింది. ఆవకాయ, వడియం, చల్లమిరపకాయ లేనిదే ముద్ద దిగని మనకు ఈ మాట చెప్పాల్సిన బాధ్యత వైద్యులది. కిడ్నీ జబ్బు ఉన్నవారు మాత్రం డాక్టరును అడగకుండా ఈ ఉప్పు వాడకూడదు. అరవై దాటినవారి నాడి పట్టి లయ తప్పుతోందేమో చూడడం కూడా ఏఎన్ఎం చేతిలోని పనే. గుండె లయ తప్పడం వల్ల వచ్చే స్ట్రోక్‌లను రక్తం పలచబరిచే మందులు చాలావరకు ఆపగలవు.

పెదనాన్నకిప్పుడు డెబ్బై నాలుగు. చేతికర్రతో నడుస్తాడు. కుడి చేత్తో అన్నం కలుపుకుంటాడు. మాటలు కొన్ని తిరిగొచ్చాయి, అన్నీ రాలేదు. నెలకోసారి సబ్‌సెంటర్‌లో బీపీ చూసే రోజు, పెద్దమ్మ కంటే ముందే చొక్కా వేసుకుని అరుగు మీద కూర్చుంటాడు. ఇద్దరివీ బీపీ పుస్తకాలు చంకలో పెట్టుకుని, కర్ర తీసుకుని లేస్తాడు.

"పద" అంటాడు.

ఇప్పుడా మాటకు సరైన అర్థమే ఉంది.